పిల్లల్ని పడవ ఎక్కించే ముందు ఒక్క ప్రశ్న: "నేను నీళ్లల్ల పడితే ఏంది?"

ఎపిసోడ్ చూడటానికి డేటా సరిపోనివాళ్లు, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకునే వీలు లేనివాళ్లు చదువుకోవడానికి మాటలన్నీ ఇక్కడ పెడుతున్నాం. వీడియోలో తడబడిన చోట్ల కొంచెం సరిచేశాను, అంతే.

ఈసారి టాపిక్ పిల్లలతో చిన్న క్యాటమరాన్ నడపడం, అది కూడా సేఫ్‌గా. "అన్నా, మనది గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్. మనకెందుకు క్యాటమరాన్?" అని అడుగుతారని తెలుసు. అక్కడికే వస్తున్నా. ముందు నాకు జరిగింది చెప్తాను.

ఆ ఒక్క నిమిషం

సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నప్పుడు వీకెండ్స్‌లో హుస్సేన్‌సాగర్‌లో సెయిలింగ్ నేర్చుకున్నా. పెద్ద ఎక్స్‌పర్ట్‌ని ఏం కాదు. రెండేళ్ల తర్వాత మా అక్కవాళ్లతో కలిసి వేరే రాష్ట్రానికి టూర్ వెళ్లాం. అక్కడ చిన్న క్యాటమరాన్ అద్దెకిస్తున్నారు. నా మేనకోడలికి అప్పుడు తొమ్మిదేళ్లు. "మామా, నన్ను దీస్కపో" అంది. నాకూ షో చేయాలని ఉంది. లైఫ్ జాకెట్ వేశాను, గట్టిగా పట్టుకొమ్మన్నాను, బయల్దేరాం.

పది నిమిషాలు సూపర్. తర్వాత ఒక గాలి దెబ్బ వచ్చింది. పడవ ఒక పక్క లేచింది. పాప పడలేదు, గట్టిగా పట్టుకునే ఉంది. పడింది నేను!

నీళ్లలోంచి తల పైకెత్తి చూస్తే పడవ నన్ను వదిలేసి పోతోంది. తెరచాప తాడును నేనే క్లీట్‌లో ఇరికించి లాక్ చేశాను, చేతికి నొప్పి పుడుతోందని. లాక్ చేసిన తాడు, నిండుగా గాలి, పడవ మీద ఒక్కతే తొమ్మిదేళ్ల పిల్ల. నేను ఎంత ఈదినా అందదు. కాసేపటికి పడవ తనంతట తాను గాలికి ఎదురు తిరిగి ఆగింది. ఒడ్డునుంచి మోటార్ బోటు వచ్చి ముందు పాపను, తర్వాత నన్ను తీసుకెళ్లింది. మొత్తం మూడు నాలుగు నిమిషాలు ఉంటుందేమో. నాకు మాత్రం ఇప్పటికీ అది అయిపోలేదు.

ఒడ్డుకొచ్చాక పాప ఏడవలేదు. నన్ను చూసి ఒక్క మాట అంది. "మామా, నువ్వు పడితే నేనేం జేయాల్నో నువ్వు జెప్పనే లేదు."

ఇవాళ్టి ఎపిసోడ్ మొత్తం ఆ ఒక్క మాటే. పిల్లలు పడకుండా ఏం చేయాలి అని అందరం ఆలోచిస్తాం. నడిపే పెద్దమనిషి పడితే ఏంటి అని ఎవరం ఆలోచించం. మా కోడింగ్ భాషలో దీన్ని సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటారు. సిస్టమ్ అంతా ఒక్క సర్వర్ మీద నడుస్తుంటే, అది పడిపోయిన రోజు అన్నీ పడిపోతాయి. ఆ రోజు ఆ సర్వర్ నేనే.

క్యాటమరాన్ అంటే మన తెప్పే, కొంచెం మారింది

ఈ పదం తమిళంలోని కట్టుమరం నుంచి ఇంగ్లిష్‌లోకి పోయింది. కట్టిన మాను అని అర్థం. తెలుగువాళ్లకు విడమర్చి చెప్పనక్కర్లేదు. మన కోస్తాలో దుంగలు కలిపి కట్టి సముద్రంలోకి వెళ్లే తెప్ప అదే. ఇప్పుడు క్యాటమరాన్ అంటున్నది మాత్రం రెండు సన్నటి పొడవాటి డొల్ల పడవల్ని పక్కపక్కన పెట్టి, మధ్యలో కడ్డీలతో కలిపినది. నవారు మంచం తెలుసుగా? రెండు పట్టెల మధ్య నవారు బిగించినట్టు, రెండు డొల్లల మధ్య గట్టి గుడ్డ బిగిస్తారు. మనం కూర్చునేది దాని మీద.

ప్రపంచంలో బాగా పాపులర్ అయినది హోబీ 16. కాలిఫోర్నియాలో సర్ఫింగ్ బోర్డులు చేసే హోబీ ఆల్టర్ అనే ఆయన తెచ్చాడు. పొడవు సుమారు 5 మీటర్లు, వెడల్పు 2.4 మీటర్లు, బరువు 145 కేజీల దాకా. ఇద్దరు నడిపే పడవ.

మన మూడు జిల్లాల్లో కృష్ణా మీద కనిపించేది పుట్టి, నాటు పడవ, మర పడవ. చెరువుల్లో చేపలు పట్టేవాళ్ల థర్మాకోల్ తెప్ప. సోమశిల వెళ్తే లాంచీ. రేపు మీరు గోవాలోనో ఇంకెక్కడో క్యాటమరాన్ ఎక్కొచ్చు. ఎల్లుండి చెల్లెల్ని తీసుకుని పుట్టి ఎక్కొచ్చు. పడవ మారుతుంది, ప్రశ్న మారదు. అందుకే ఈ రెండింటినీ కలిపి చెప్తున్నా.

కదలదు కదా అని నమ్మితేనే మోసం

క్యాటమరాన్ వెడల్పుగా ఉంటుంది. ఎక్కగానే కదలదు. సన్నటి పడవ అయితే కాలు పెట్టగానే ఊగి మనల్ని భయపెడుతుంది. ఇది భయపెట్టదు. కానీ గాలి ఎక్కువై ఒక డొల్ల నీళ్లలోంచి లేచి, ఒక హద్దు దాటిందా, ఇక ఆగదు. మొత్తం ఒకేసారి తిరగబడుతుంది. పూర్తిగా తలకిందులైతే ఆ స్థితిలో కూడా అంతే గట్టిగా, కదలకుండా ఉంటుంది. నాలుగు కాళ్ల స్టూలు బోర్లా పడితే తనంతట తాను లేస్తుందా? ఇదీ అంతే.

పుట్టి కూడా దాని చుట్టమే. గుండ్రంగా, అడుగు వెడల్పుగా ఉంటుంది. అందరూ కింద కూర్చుంటే బుద్ధిగా ఉంటుంది. ఒకరు సెల్ఫీ కోసం లేచి, ఇంకో ఇద్దరు అదే పక్కకు జరిగితే అంచు మీదుగా నీళ్లు లోపలికి వస్తాయి. లోపలికి వచ్చిన నీళ్లు కూడా అదే పక్కకు పారతాయి. ఇంక చెప్పేదేముంది.

గాలి సంగతి కూడా చూద్దాం. వేగం రెట్టింపైతే తెరచాప మీద తోపు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. గంటకు 10 కిలోమీటర్ల గాలిలో హాయిగా ఉన్న పడవ, 20కి పోయేసరికి వేరే పడవ అయిపోతుంది.

70 కేజీల లెక్క

తిరగబడిన హోబీ 16ని మళ్లీ నిలబెట్టాలంటే కింది డొల్ల మీద నిలబడి, పైడొల్ల మీదుగా తెచ్చిన తాడు పట్టుకుని వెనక్కి వాలాలి. మన బరువే అక్కడ జాకీ. దానికి మొత్తం 130 కేజీల దాకా కావాలని నడిపేవాళ్ల వాడుక లెక్క. నేను 70 కేజీలు, పాప 25. కలిపితే 95. అంటే ఆ రోజు పడవ తిరగబడి ఉంటే నేను నిలబెట్టలేను. పాప నాతో ఉండగా అసలే కాదు. ఈ కూడిక ఒడ్డు మీదే చేసి ఉంటే పడవ ఎక్కేవాణ్నే కాదు.

అందుకే మొదటి రూల్: పడవ నడిపే మనిషి పిల్లల్ని చూసుకునే లెక్కలోకి రాడు. రెండో పెద్దమనిషి ఉండాలి. ఆ రెండో మనిషికి కనీసం తాడు వదలడం, పడవ ఆపడం తెలిసి ఉండాలి. ఈత రాని పిల్లలు ఒక్కొక్కరికి చెయ్యి చాపితే అందేంత దూరంలో ఒక పెద్ద ఉండాలి. హోబీ 16 మీద పిల్లలు ఒకరే అన్నమాట, ముగ్గురు కాదు. ఒడ్డున మోటార్ బోటుతో చూస్తున్న మనిషి లేకపోతే ఆ రోజు క్యాన్సిల్.

జాకెట్: వేసుకోవడం కాదు, సరిపోవడం

లైఫ్ జాకెట్ సైజు వయసు చూసి కాదు, బరువు చూసి ఎంచుకోవాలి. దాని మీద ఎన్ని కేజీల వాళ్లకో రాసి ఉంటుంది. న్యూటన్ల నంబర్ కూడా ఉంటుంది. 50 ఉంటే అది ఈత బాగా వచ్చి, సాయం పక్కనే ఉన్నవాళ్లకు. 100, ఆపైన ఉంటే ముఖాన్ని నీటిపైన ఉంచేందుకు చేసినది. ఈత రాని పిల్లలకు కాలర్ ఉన్న 100 రకమే చూడండి.

టెస్ట్ చాలా సింపుల్. జాకెట్ వేసి బకిల్స్ అన్నీ పెట్టాక, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. చెవుల దాకా లేచిందంటే నీళ్లలో పిల్ల కిందికి, జాకెట్ పైకి పోతాయి. కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉందా, బిగించారా చూడండి. చేతులకు తొడిగే గాలి బుడగలు, గాలి ట్యూబులు బొమ్మలు మాత్రమే. వాటిని నమ్మొద్దు.

ఎండగా ఉంది, ఉక్కగా ఉంది అని మధ్యలో విప్పడం అసలు వద్దు. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగింది. 77 మందిలో 26 మందే బయటపడ్డారు. సంచిలో ఉన్న జాకెట్ ఎవర్నీ తేల్చదు. ఇంకోటి, జాకెట్ ముందు పెద్దవాళ్లు వేసుకోవాలి. నాకు జాకెట్ లేకపోతే ఆ రోజు నేను వెనక నుంచి అరిచి చెప్పడానికి కూడా మిగిలేవాణ్ని కాదు.

ఫోన్‌తో చేయాల్సింది రీల్ కాదు

వెదర్ యాప్ తెరవండి. గాలి వేగం ఒక నంబర్, దాని పక్కన గస్ట్ అని ఇంకో నంబర్ ఉంటుంది. గస్ట్ అంటే గాలి దెబ్బ. మనల్ని తిప్పేసేది అదే. కొన్ని యాప్‌లు కిలోమీటర్లలో, కొన్ని నాట్లలో చూపిస్తాయి. 1 నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు. 12 అని చూసి తక్కువే అనుకుంటే అది 22 కిలోమీటర్లు కావచ్చు. పిల్లలతో అయితే నా హద్దు గస్ట్‌తో కలిపి 20 కిలోమీటర్లు. నీటి మీద తెల్లటి నురుగు తలలు కనిపిస్తే యాప్ ఏం చెప్పినా సరే, ఇంటికి.

మన దగ్గర మార్చి నుంచి మే దాకా పొద్దున ప్రశాంతంగా ఉండి, సాయంత్రం ఒక్కసారిగా ఈదురుగాలి, ఉరుములు వస్తాయి. కాబట్టి పొద్దున వెళ్లండి, పదింటికల్లా తిరిగి రండి. పుణెలోని ఐఐటీఎం సంస్థ చేసిన దామిని యాప్ దగ్గర్లో పిడుగులు పడుతుంటే చూపిస్తుంది. ఉరుము వినిపిస్తే ఒడ్డుకు రండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగండి.

ఫోన్‌ను నీళ్లు పోని పౌచ్‌లో పెట్టి మెడకు కాదు, జాకెట్‌కు కట్టుకోండి. అత్యవసర నంబర్ 112, అంబులెన్స్‌కు 108. ఒడ్డున ఉన్న ఒక మనిషికి "ఇన్ని గంటలకు తిరిగి వస్తాం, రాకపోతే ఫోన్ చెయ్యి" అని చెప్పి వెళ్లండి. నెట్‌వర్క్ లేని చోట పనిచేసే బ్యాకప్ ఇదొక్కటే.

మన నీళ్లకు వాటి సొంత గుణం ఉంది

జూరాల: కృష్ణా తెలంగాణలోకి వచ్చాక తగిలే మొదటి పెద్ద ప్రాజెక్టు. పైన కర్ణాటకలో ఆల్మట్టి, నారాయణపూర్ ఉన్నాయి. మన దగ్గర చుక్క వాన పడకపోయినా అక్కడ వదిలిన నీళ్లు ఇక్కడికొస్తాయి. గేట్లు, పవర్ హౌస్ ఎప్పుడు తెరిచేది నది ఒడ్డున ఫొటో దిగుతున్న మనకు తెలియదు. డ్యామ్ కింద నది మధ్య బండల మీదికి పిల్లల్ని తీసుకెళ్లడం, పైన గేట్ల దగ్గరికి పడవ పోనివ్వడం, రెండూ వద్దు.

వనపర్తి జిల్లాలో సరళాసాగర్ ఉంది. 1959లో పూర్తయింది. దీని స్పెషాలిటీ ఆటోమేటిక్ సైఫన్లు. నీళ్లు ఒక మట్టం దాటగానే, ఎవరూ గేటు ఎత్తకుండానే వాటంతట అవే దూకుతాయి. ఇంజనీరింగ్‌గా చూస్తే అద్భుతం. కానీ స్విచ్ వేసే మనిషి లేడంటే, ముందుగా "జరగండి" అని చెప్పే మనిషి కూడా లేడని మనం అనుకోవాలి.

నాగర్‌కర్నూల్ వైపు సోమశిల దగ్గరున్నది శ్రీశైలం వెనక జలాలు. పైకి సముద్రంలా నున్నగా కనిపిస్తాయి. కింద మునిగిపోయిన ఊళ్లు, చెట్ల మోడులు, గోడలు ఉన్నాయి. అవతలి ఒడ్డు వైపు సంగమేశ్వర ఆలయం ఏడాదిలో చాలా నెలలు నీళ్లలోనే ఉండి, ఎండాకాలం మట్టం తగ్గితే బయటపడుతుందని మీకు తెలుసు. అంటే పోయిన నెల లోతుగా ఉన్న చోట ఈ నెల గోడ అంచు ఉండొచ్చు. చుక్కాని దానికి తగిలితే విరుగుతుంది. అక్కడి జాలర్లను అడగకుండా పడవ దించొద్దు. ఏ రిజర్వాయర్‌లో అయినా అనుమతి కనుక్కోవడం అన్నిటికన్నా ముందు పని.

ఇంకొకటి, ఇది చాలామందికి తట్టదు. రైతులు నది ఒడ్డున మోటార్లు పెట్టుకుంటారు, వాటికి కరెంటు తీగలు వస్తాయి. హోబీ 16 కొయ్య ఎనిమిది మీటర్ల ఎత్తు. చాలా పడవలకు అది అల్యూమినియం. కొయ్య నిలబెట్టేటప్పుడు, పడవను ఒడ్డుకు తోసేటప్పుడు ముందు తలెత్తి పైకి చూడండి.

ఒడ్డు మీద పది నిమిషాల డ్రిల్

పడవ ఇసుక మీద ఉండగానే పిల్లలతో ఆడించండి.

ఒకటి, "మామ పడ్డాడు!" ఆట. మీరు దూకేయండి. పిల్ల చేయాల్సింది ఒక్కటే, తాడు వదిలేయడం. క్లీట్ పళ్లలో ఇరుక్కుని ఉంటే పైకి గుంజితే ఊడిపోతుంది. తాడు వదిలితే తెరచాప రెపరెపలాడి పడవ నెమ్మదిస్తుంది. ఐదుసార్లు చేయించండి. చిన్న చేతులకు ఆ బలం లేదని తేలితే, ఆ విషయం ఒడ్డు మీదే తెలిసినందుకు సంతోషించండి. పిల్లలతో ఉన్నప్పుడు తాడు ఎప్పుడూ లాక్ చేయొద్దు, చేత్తోనే పట్టుకోవాలి.

రెండు, తల వంచే ఆట. పడవ దిశ మారేటప్పుడు తెరచాప అడుగు కర్ర చీపురుతో ఊడ్చినట్టు అటు నుంచి ఇటు వస్తుంది. "వంగు" అనగానే గడ్డం మోకాళ్లకు ఆనాలి.

మూడు, గుడ్డ కింద ఆట. నేల మీద దుప్పటి కప్పి, చేత్తో పైకి పొడిచి గాలికి జాగా చేసుకుని, ఒకే వైపు పాకుతూ బయటకు రమ్మనండి. తెరచాప మీద పడితే చేయాల్సింది అదే.

నాలుగు, బట్టలు. చున్నీ, పొడవు గౌను, మెడలో తాడు, ఏవీ వద్దు. పడవ నిండా తాళ్లే, చిక్కుకుంటాయి.

ఐదు, నీళ్లలో పడితే: పడవను వదలొద్దు, ఒడ్డుకు ఈదొద్దు. బోర్లాపడ్డ పడవ దూరం నుంచి కనిపిస్తుంది, ఒక తల కనిపించదు. ముందు లెక్క పెట్టండి, అందరి పేర్లు పిలవండి. పిల్లల్ని పడవ ముందు కొన దగ్గర తాడు పట్టుకోమనండి. నిలబెట్టేటప్పుడు పైడొల్ల దబ్బున కిందికి వస్తుంది, దాని కింద ఎవరూ ఉండకూడదు. రెండుసార్లు ప్రయత్నించి కాకపోతే ఆపేసి సాయం కోసం చేతులు ఊపండి.

మునిగిపోతున్న పిల్లలు సినిమాలోలా అరవరు. నోరు నీళ్లలోకి, పైకి పోతుంటే అరవడానికి ఊపిరే ఉండదు. పిల్ల సైలెంట్ అయిందంటే అప్పుడే చూడాలి. ఒడ్డున ఉన్నవాళ్లు వెనకా ముందూ చూడకుండా దూకొద్దు. తాడు, మూత బిగించిన ఖాళీ డబ్బా, బోర్లించిన ప్లాస్టిక్ బిందె, ఏది ఉంటే అది విసరండి. బయటకు తీశాక పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం కాదు. ఊపిరి లేకపోతే నోటితో శ్వాస ఇవ్వడం, గుండె నొక్కడం, అంటే సీపీఆర్. ఒక పూట పోయి నేర్చుకోండి.

పుట్టికి కూడా ఇదే ప్రశ్న

2007 జనవరిలో సింగోటం జాతర రోజుల్లో, కొల్లాపూర్ ప్రాంతంలోని మంచాలకట్ట దగ్గర కృష్ణాలో పడవ మునిగి 60 మందికి పైగా చనిపోయారు. 2020 ఆగస్టులో వరద రోజుల్లో నారాయణపేట జిల్లా పంచదేవ్‌పహాడ్ దగ్గర పుట్టి మునిగింది. అందులో 13 మంది ఉన్నారు, నలుగురు ఒడ్డుకు చేరలేదు. వీళ్లెవరూ సరదాకి పోలేదు. దేవుడి దగ్గరికి, సరుకులకు, చుట్టాలింటికి పోతారు. బ్రిడ్జి చుట్టూ తిరిగితే ఎన్నో కిలోమీటర్లు, పుట్టిలో అయితే ఎదురుగా కనిపించే ఒడ్డు. వాళ్లకు జాగ్రత్త చెప్పడం ఈజీ. వంతెన, జాకెట్లు, మంచి పడవ ఇవ్వడం కష్టం. అది అడగాల్సిన చోట అడుగుదాం.

మన చేతిలో ఉన్నది కూడా కొంత ఉంది. పుట్టి నడిపే పెద్దాయనను మర్యాదగా అడగండి: "పెద్దనాయినా, ఇంతమందిమి ఎక్కితే ఎక్కువైతదా? నీకు ఏమన్నయితే తెడ్డు ఎవలు పట్టాలె?" ఆయన నవ్వొచ్చు. నవ్వినా ఫర్వాలేదు. ఎక్కువ మంది ఉన్నారనిపిస్తే మీరు, మీ పిల్లలు దిగిపోండి. తర్వాతి ట్రిప్పుకు వెళ్లండి. అరగంట లేటైతే జాతర ఎక్కడికీ పోదు.

మా మేనకోడలికి ఇప్పుడు పన్నెండేళ్లు. పోయిన సెలవుల్లో తనే మళ్లీ అడిగింది పోదామని. ఈసారి ఇద్దరం పెద్దవాళ్లం, ఒడ్డున బోటు, పొద్దున ఏడింటికి, గాలి తక్కువ. ఇసుక మీద డ్రిల్ చేస్తుంటే నేను చెప్పకముందే తాడు చేతిలోకి తీసుకుంది. "మామా, నువ్వు దుంకు. నేను జూస్కుంట" అంది.

ఆ రోజు నేను పడలేదు. పడినా ఫర్వాలేదని మాత్రం తెలుసు.

ఇంట్లో పిల్లలతో నదికి పోయే ప్లాన్ ఉన్నవాళ్లకు ఇది పంపించండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను, నమస్తే.